కష్టం, ఇబ్బంది, తిప్పలు, ఇక్కట్లు అన్నీ ఒకటేనా? రోజువారీ మాటల్లో ‘కష్టం’ను ఎలా వాడతారు?

నిఘంటువులో వెతికితే ఒకదానికి ఇంకొకటి అర్థంగా ఇచ్చి ఊరుకుంటుంది. అవన్నీ ఒకటి మాత్రం కాదు. నాకు ఆ తేడా తెలిసింది అమ్మ అన్న ఒక్క మాటతో.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు వేసే ఊరు. డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి నాయన వెంట వేలానికి వెళ్లాను. మా బేళ్లలో, అంటే పొగాకు కట్టల్లో, సగానికి ఎవరూ ధర పలకలేదు. దాన్ని ‘నోబిడ్’ అంటారు. అలాంటి బేలును మళ్లీ ఇంటికి మోసుకుపోవలసిందే, బండి బాడుగ అదనం. వాకిట్లో బేళ్లు దించుతుంటే అమ్మ చూసి, “కష్టమంతా వెనక్కి తెచ్చుకున్నారా!” అంది. సమస్యలు తెచ్చామని అంటోందనుకున్నాను. ఆమె అన్నది ఆ బేళ్లను. నారు పోసిన నాటి నుంచి ఆకు కోసి, కర్రలకు కట్టి, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మేలుకుని వేడి చూసుకున్న పనంతా ఆమె లెక్కలో ‘కష్టం’. అది గోనెపట్టాలో చుట్టి ఎదురుగా ఉంది.

అందుకే తెలుగులో కష్టం రెండు రకాలు: వచ్చే కష్టం, చేసే కష్టం. “ఎంత కష్టం వచ్చింది” అంటే ఆపద. “రెక్కల కష్టం”, “వాడు నా కష్టం తిన్నాడు” అంటే శ్రమ, దాని మీద వచ్చిన రాబడి. ఏకవచనానికీ బహువచనానికీ మధ్య తేడా ఇంకా చిత్రం. “ఆయన కష్టపడ్డాడు” అంటే మెచ్చుకోలు, “కష్టాలు పడ్డాడు” అంటే జాలి. ‘పాటు’ కూడా ఇంతే: పాటుపడితే కృషి, పాట్లు పడితే అవస్థ. ఒక్క బహువచనంతో గౌరవం జాలిగా మారిపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఇక ఇబ్బంది చాలా తేలికైనది. ఇరుకు సీటు ఇబ్బంది, చేతిలో చిల్లర లేకపోవడం ఇబ్బంది. తిప్పలులో తిరగడం ఉంది, కాస్త నవ్వూ ఉంది. ఒక సంతకం కోసం నాలుగుసార్లు తిరిగిన కథ తర్వాత చెప్పుకునేటప్పుడు అవి తిప్పలు. చావు ఇంటికి వెళ్లి “ఎన్ని తిప్పలు వచ్చాయమ్మా” అంటే మాత్రం తిట్లు తప్పవు.

ఇక్కట్లు పత్రికల మాట. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు మార్గం దెబ్బతింది, జాతీయ రహదారి మీద రాకపోకలు నిలిచిపోయాయి. అలాంటి రోజుల్లో “ప్రయాణికుల ఇక్కట్లు” అన్న శీర్షిక తప్పదు. ఆ రోడ్డు మీద ఇరుక్కున్న మా బాబాయి ఫోనులో ఆ మాట అనలేదు. “నీళ్లు లేవు, తిండి లేదు, చాలా కష్టంగా ఉందిరా” అన్నాడు.

కష్టానికి కొలత కూడా ఉంది, అదీ మా వైపు కొలతే. “పుట్టెడు కష్టం”, “పుట్టెడు దుఃఖం” అంటాం కదా. చాలామందికి ఆ పుట్టి ఎంతో తెలియదు. నెల్లూరు జిల్లాలో ఇప్పటికీ ధాన్యం ధర పుట్టి లెక్కన చెబుతారు, పుట్టి అంటే 850 కిలోలు. ఆ బరువును బస్తాల్లో మోసినవారు “పుట్టెడు” అన్న మాటను ఊరికే వాడరు.

ఇంకో రెండు వాడుకలు చెప్పాలి. “కష్టసుఖాలు మాట్లాడుకున్నాం” అంటే ఏడ్చుకున్నారని కాదు, తీరిగ్గా కబుర్లు చెప్పుకున్నారని. “మనసు కష్టపెట్టుకోకు” అంటే నొచ్చుకోవద్దని.

తెలుగు కొత్తగా నేర్చుకుంటున్నవారు పొరపడేది మర్యాద కోసం వాడే ‘కష్టం’ దగ్గర. డాక్టరు గొంతు తగ్గించి “కష్టమండీ” అన్నారంటే ఆశ పెట్టుకోవద్దని. పెళ్లికి పిలిచినప్పుడు “రావడం కష్టమే” అన్నవారు ఎలాగోలా ఓర్చుకుని వస్తారని అనుకోకండి. వారికి విస్తరి వేయించనవసరం లేదు.