డ్రోన్‌తో ఇంటి కప్పు, సోలార్ ప్యానెళ్ల తనిఖీ: ఏ కెమెరా, ఏ వేళ, ఎంత ఎత్తు?

ఒక వరుస ప్యానెళ్ల నుంచి కరెంటు తగ్గింది, కప్పు ఓ మూల నీరు దిగుతోంది, నిచ్చెన ఎక్కకుండా డ్రోన్‌తో తేల్చవచ్చా అని కదా మీ ప్రశ్న. కప్పుకు మామూలు కెమెరా చాలు. ప్యానెళ్లకు మాత్రం థర్మల్ కెమెరా, అంటే వేడి తేడాను చూపే కెమెరా కావాలి. మామూలు కెమెరాకు దుమ్ము, పక్షి రెట్ట, పగిలిన అద్దం, మచ్చలు తప్ప పెద్దగా ఏమీ చిక్కవు.

కప్పు ఫోటోలు ఎండ ఏటవాలుగా ఉన్న వేళ, అంటే పొద్దునో సాయంత్రమో తీయండి. సన్నని పగులుకూ, లేచిన పెంకు అంచుకూ అప్పుడే నీడ పడుతుంది. నడినెత్తి ఎండలో అంతా చదునుగా కనిపిస్తుంది. కప్పుకు 5 నుంచి 8 మీటర్ల పైన, పక్కపక్క ఫోటోలు 70–80 శాతం కలిసేలా వరుసలుగా వెళ్లండి. తర్వాత కెమెరాను 45 డిగ్రీలు వంచి పిట్టగోడ మొదలు, పైపులు బయటికొచ్చే చోట్లు, నీటి తూముల చుట్టూ తీయండి. నీరు ఎక్కువగా దిగేది ఈ అతుకుల దగ్గరే. లోపల చెమ్మ ఉన్నచోటికి సరిగ్గా పైనే పగులు ఉండాలని లేదు. నీరు వాలు వెంట పాకి వస్తుంది కాబట్టి ఎగువ వైపు కూడా వెతకాలి. స్టాండు బోల్టులు దిగిన చోట్లు ప్యానెళ్ల చాటున ఉంటే వాటిని డ్రోన్ చూపలేదు. అవి మనిషి వంగి చూడాల్సినవే.

ఇక థర్మల్. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ప్యానెళ్ల మీద ఎండ చదరపు మీటరుకు కనీసం 600 వాట్లు ఉండాలి. సోలార్ థర్మల్ తనిఖీకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62446-3 చెప్పే కనీస హద్దు అదే. ఎండను కొలిచే మీటరు లేకపోతే ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే పెట్టె) చూడండి: 3 కిలోవాట్ల ప్యానెళ్లు 1.6 కిలోవాట్ల పైన నిలకడగా ఇస్తుంటే ఎండ చాలు. ఇన్వర్టర్ పనిలో ఉండాలి, కరెంటు పారుతూ ఉండాలి. పారకపోతే చెడ్డ సెల్ (ప్యానెల్‌లోని ఒక చిన్న గడి) వేడెక్కదు, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. బ్యాటరీ నిండి ఇన్వర్టర్ ఉత్పత్తిని తగ్గించి ఉంచినా ఇదే మోసం. మబ్బులు వచ్చిపోయే రోజు, గాలి బలంగా వీచే రోజు మానుకోండి.

ఎత్తు లెక్క తేలిక. థర్మల్ ఫోటోలో ఒక పిక్సెల్, అంటే ఒక చుక్క, ప్యానెల్ మీద 3 సెంటీమీటర్లకు మించి చూపకూడదు, అప్పుడు ఒక సెల్ మీద సుమారు 5 పిక్సెళ్లు అడ్డంగా, 5 నిలువుగా పడతాయి. సెన్సర్‌లో 12 మైక్రాన్ల పిక్సెల్, 9.1 మిల్లీమీటర్ల లెన్సు ఉన్న కెమెరాతో 10 మీటర్ల ఎత్తున అది 1.3 సెంటీమీటర్లే. కోణం ఇంకా ముఖ్యం. ప్యానెల్ తలానికి 60 నుంచి 90 డిగ్రీల మధ్య చూడాలి. మరీ పక్కగా చూస్తే అద్దంలో ఆకాశం ప్రతిబింబించి ఉష్ణోగ్రత తప్పు వస్తుంది. వేడి మచ్చ కనపడగానే డ్రోన్‌ను ఓ మీటరు పక్కకు జరపండి. మచ్చ కూడా జరిగితే ప్రతిబింబం, అదే సెల్ మీద నిలిస్తే నిజం.

మచ్చ ఆకారమే సగం సంగతి చెబుతుంది. ఒక్క సెల్ కాలుతుంటే ముందు రెట్ట, ఆకు, నీడ చూడండి. శుభ్రం చేసి మళ్లీ తీసినా ఉంటే ఆ సెల్ దెబ్బతిన్నట్టే. 3 బైపాస్ డయోడ్లు (చెడ్డ భాగాన్ని వదిలి కరెంటును పక్కదారి పట్టించేవి) ఉండే ప్యానెల్లో సరిగ్గా మూడో వంతు పట్టీ వెచ్చగా ఉంటే, ఆ భాగాన్ని డయోడ్ పక్కకు తప్పించిందని అర్థం. వరుస మొత్తం పక్క వరుసకన్నా కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటే అందులో కరెంటు పారడం లేదు, బయటికి పోని శక్తి వేడిగా మిగులుతోంది, ఫ్యూజో కనెక్టరో ఊడి ఉంటుంది. మీ ఫిర్యాదుకు ముందు అనుమానించాల్సింది ఇదే. వెనక జంక్షన్ బాక్సు ఉన్నచోట కాస్త వెచ్చదనం మామూలే. సెల్‌లోని సన్నని వెంట్రుక పగుళ్లు మాత్రం థర్మల్‌కు చాలాసార్లు దొరకవు.

రేకుల మీద నుంచి డ్రోన్ లేపకండి, దిక్సూచి తప్పుతుంది. అద్దాల మీద తక్కువ ఎత్తున కింది సెన్సర్లు తడబడి ఎత్తు నిలవదు, అందుకే 5 మీటర్లకన్నా దిగవద్దు. సన్నని తీగల్ని సెన్సర్లు పట్టుకోలేవు. డ్రోన్ తనంతట తాను ఇంటికి తిరిగొచ్చే ఎత్తును చుట్టుపక్కల అన్నిటికన్నా పొడవైన చెట్టుకు పైన పెట్టుకోండి, బ్యాటరీ 30 శాతానికి వస్తే దించేయండి. ఎగరడానికి అనుమతి కావాలేమో ముందే చూసుకోండి, పక్కింటివారికీ ఒక మాట చెప్పండి.

ప్యానెళ్లన్నీ ఒకేలా ఉంటాయి, కాబట్టి ముందు మొత్తం వచ్చేలా ఒక ఫోటో తీసి ఒక మూల నుంచి నంబర్లు వేసుకోండి. చెడ్డది దొరికాక ఎండలో ఉండగా కనెక్టర్ లాగకండి. డీసీ ఆర్క్ (ఊడిన చోట లేచే కరెంటు మంట) ఏసీలాగా వెంటనే ఆరిపోదు, ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌లో వోల్టేజీ ఉంటుంది. ముందు ఇన్వర్టర్, తర్వాత డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ల వైపు కరెంటును తెంచే స్విచ్చు) ఆపి, తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌లో కరెంటు సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి.