బిల్లులో టీచర్‌కి చోటుందా?

ప్రశ్న: మేడమ్, రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో డిజిటల్ చదువు తెచ్చే బిల్లు పెడుతున్నారట. మా పాప ఏడో తరగతి. ట్యాబ్ ఇస్తే చదువు బాగుపడుతుందా?

జవాబు: ట్యాబ్ ఒక్కటే ఇస్తే బాగుపడదమ్మా. పాతికేళ్లు లెక్కలు చెప్పిన అనుభవంతో అంటున్నాను. మా బడికి 30 ట్యాబ్‌లు వచ్చినప్పుడు గదిలో ప్లగ్ పాయింట్లు రెండే. మూడో పీరియడ్‌కల్లా సగం ఆగిపోయేవి. అయినా ఒకమ్మాయి భిన్నాల వీడియోని వెనక్కి తిప్పి మూడుసార్లు చూసి, "ఇప్పుడర్థమైంది మేడమ్" అంది. తరగతిలో మళ్లీ అడగడానికి మొహమాటపడే పిల్ల. ఆ వెలిగిన మొహం నాకిప్పటికీ గుర్తే. అందుకే ఈ చదువు రావాలనే కోరుకుంటాను.

అమెరికాలో మిషిగన్ 2006లోనే హైస్కూల్ పూర్తిచేయడానికి ఆన్‌లైన్ అభ్యాసం తప్పనిసరి చేసింది. అక్కడే మెయిన్ (Maine) అనే రాష్ట్రం 2002లో ఏడో తరగతి పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచింది, టీచర్లకూ ఇచ్చి శిక్షణ పెట్టింది. నాకు నచ్చింది ఈ రెండో దారి.

బిల్లు కాపీ సంపాదించి చూడండి. శిక్షణకి, రిపేర్లకి, ఇంట్లో నెట్ లేని పిల్లలకి ఏటా డబ్బు కేటాయించారా? పిల్లల వివరాలు ఎవరి చేతికి వెళ్తాయో రాశారా? లేకపోతే బిల్లు పాసయ్యేలోపే మీ శాసనసభ్యుడికి ఉత్తరం రాయండి. నలుగురు తల్లులతో సంతకాలు కూడా పెట్టించండి.