జర్మనీలో ఉత్తరాలు రావట్లేదా? పోస్ట్ డబ్బా చూడండి

పోస్ట్ డబ్బా మీద మీ పేరు లేకపోవడమే కారణం కావచ్చు. బెర్లిన్‌లో అడ్రస్ రిజిస్టర్ చేయించినా ట్యాక్స్ ఐడీ (పన్ను గుర్తింపు నంబరు), బ్యాంకు కార్డు పోస్టులో రాలేదని ఒకరు అడిగారు. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబరు వాడరు, పోస్ట్‌మ్యాన్ పేరు చూసే వేస్తాడు. పేరు కనబడకపోతే ఉత్తరం వెనక్కే.

1. ఈరోజే పేరు రాసి డబ్బాకీ కాలింగ్ బెల్‌కీ అంటించండి. పక్కా ప్లేటు తర్వాత ఓనర్‌ని అడగొచ్చు.
2. మనవాళ్లు తప్పేది ఇక్కడే: ఉత్తరం మీద వచ్చేది పాస్‌పోర్టులోని సర్‌నేమ్. ఇంట్లో పిలిచే పేరు రాస్తే లాభం లేదు. మన పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్, పేరు ఏది ఎక్కడ పడిందో చెప్పలేం కాబట్టి రెండూ రాసేయండి.
3. ఇంకొకరి ఇంట్లో గది తీసుకుంటే అడ్రస్‌లో 'సి/ఓ' పెట్టి వాళ్ల పేరు కూడా ఇవ్వండి.
4. కార్డు మళ్లీ పంపమని బ్యాంకుకి చెప్పండి. ట్యాక్స్ ఐడీకి కేంద్ర పన్నుల కార్యాలయం వెబ్‌సైట్‌లో మళ్లీ అడగండి. అదీ పోస్టులోనే వస్తుంది, కాబట్టి ముందు పేరు అంటించాకే.