కొండపల్లి బొమ్మలు విరగకుండా చేరాలంటే

ప్రశ్న: కొండపల్లి దశావతారాల బొమ్మలను పుణెలోని మా అమ్మాయికి పార్శిల్‌లో పంపదలిచాను. బరువు పెరగకుండా ఎలా కట్టాలో తెలుపగలరు.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తెల్లపొణికి కర్ర తేలికే గాని, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో విడిగా అతికించిన చేతులే ముందుగా ఊడతాయి కనుక, మొదట ఆ అతుకుల చుట్టూ పలుచని తెల్లకాగితాన్ని మెత్తగా కూర్చి, ఆ తర్వాతే ఒక్కొక్క బొమ్మకు విడివిడిగా బబుల్ ర్యాప్‌ను రెండు చుట్లు చుట్టండి. 1957లో అమెరికాలో గోడలకు అంటించే కాగితంగా తయారుచేయబోయిన ఈ సరుకులో ఉన్నది చాలావరకు గాలే కాబట్టి తూకం పెద్దగా పెరగదు. వార్తాపత్రికలు మాత్రం వద్దు. వాటి సిరా బొమ్మల రంగులకు అంటుతుంది. పెట్టెలో అన్ని వైపులా రెండంగుళాల ఎడం ఉంచి, నలిపిన కాగితంతో బిగువుగా నింపండి. మూత వేసి ఊపినప్పుడు లోపల కదలిక వినిపిస్తే, శ్రమ అనిపించినా, మళ్లీ విప్పి సర్దవలసిందే.