నాన్నకు బ్లడ్ క్యాన్సర్... పిల్లలకు జీన్ టెస్ట్ చేయించాలా?

ప్రశ్న: మా నాన్నకు సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ ఉంది. రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నారు. ఇది వంశపారంపర్యంగా మా పిల్లలకూ వస్తుందా? జీన్ టెస్ట్ చేయించాలా? చిన్నబాబుకు 9 ఏళ్లు. నెల రోజులుగా జ్వరం వచ్చి పోతోంది, కాళ్లు నొప్పులంటున్నాడు, తొడల మీద కమిలినట్టు మచ్చలున్నాయి. ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు వేస్తే తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు.
– ఓ తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: జీన్ టెస్ట్ సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు బాబును రేపు పొద్దున్నే పిల్లల డాక్టరుకు చూపించి సీబీపీ (రక్తకణాల లెక్క), పెరిఫెరల్ స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చేయించండి. ఇది క్యాన్సరేనని నేను అనడం లేదు, పిల్లాణ్ని చూడకుండా ఎవరూ చెప్పలేరు. ఇన్ఫెక్షన్ కావచ్చు, కీళ్ల జబ్బూ కావచ్చు. కానీ నెల రోజుల జ్వరం, కాళ్ల నొప్పులు, కమిలిన మచ్చలు కలిసి కనిపిస్తే ఆగకూడదు. చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం వస్తే రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఆ మాత్రల స్ట్రిప్ తప్పక వెంట తీసుకెళ్లండి. అందులో డెక్సామెథసోన్, ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ స్టెరాయిడ్‌కు కొన్నాళ్లు అణిగిపోతుంది. జ్వరం దిగుతుంది, నొప్పి పోతుంది, ఒక్కోసారి బోన్‌మ్యారో (ఎముక మూలుగ) పరీక్షలోనూ జబ్బు సరిగా దొరకదు. తర్వాత తిరగబెడుతుంది. ఈలోగా విలువైన రోజులు పోతాయి, చికిత్స ఎంత గట్టిగా ఇవ్వాలో తేల్చడమూ కష్టమవుతుంది. తగ్గి మళ్లీ వస్తోందని మీరే రాశారు, మరి నెల రోజులు ఎందుకు ఆగారమ్మా? అలాగని చాలా రోజులుగా వాడుతుంటే మీ అంతట మీరే ఒక్కసారిగా ఆపకండి, డాక్టరును అడగండి. ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో తేలేదాకా డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు, కండకు ఇంజెక్షన్లు వద్దు, రక్తస్రావం కావచ్చు.

ఇక నాన్నగారి జబ్బు. సీఎంఎల్‌లో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారవుతాయి. ఆ మార్పు పుట్టుకతో వచ్చింది కాదు, పెద్దయ్యాక ఎముక మూలుగలోని ఓ కణంలో జరిగింది. అది పిల్లలకు సంక్రమించదు. కాబట్టి ఆయన జబ్బు కారణంగా మీకుగానీ పిల్లలకుగానీ జీన్ టెస్ట్ అక్కర్లేదు.

రన్‌ఎక్స్1, గాటా2, డీడీఎక్స్41 లాంటి జన్యువుల్లో లోపం వల్ల బ్లడ్ క్యాన్సర్ ముప్పు తరతరాలుగా వచ్చే కుటుంబాలూ ఉన్నాయి, కానీ అరుదు. రక్తసంబంధీకుల్లో ఇద్దరు ముగ్గురికి బ్లడ్ క్యాన్సర్ వచ్చినా, చిన్నప్పటి నుంచీ ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్లున్నా జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవాలి. మీది మేనరికమైతే ఆ మాటా చెప్పండి. ఫాంకోని ఎనీమియా లాంటి వంశపారంపర్య రక్తజబ్బులు అలాంటి పెళ్లిళ్లలో పుట్టిన పిల్లల్లో ఎక్కువ.

నాన్నగారిని మాత్రలు మాననివ్వకండి. బాగానే ఉన్నానని ఆపేసి, జబ్బు ముదిరాక వచ్చేవాళ్లను చూస్తుంటాను. జబ్బు ఎంత అదుపులో ఉందో చెప్పే బీసీఆర్-ఏబీఎల్ రక్తపరీక్ష ఆయన డాక్టరు చెప్పిన తేదీకే చేయించండి.