కాలిన కొండ నుంచి చెరువులోకి పూడిక: ముందు పాయలు చూడండి

కొండవీడు పక్క కొండ వేసవిలో తగలబడిందని, తొలి వానకే బూడిద, మట్టి చెరువులోకి దిగుతున్నాయని, ఊరివాళ్లం కలిసి ఏం చేయగలమని అడిగారు కదండీ.

ఇప్పుడే చెరువు పూడిక తీయడం దండగ. ఆకు పరుపు కాలిపోయింది కాబట్టి చినుకు నేరుగా మట్టిని కొడుతోంది, వాన పడ్డప్పుడల్లా మళ్లీ వస్తుంది. పైన సన్న పాయలకు అడ్డంగా రాతికట్టలు వేయండి. ఎత్తు 2-3 అడుగులు చాలు, రెండు చివర్లూ గట్టులోకి అడుగైనా దిగాలి, కట్ట తల మధ్యలో నీళ్లు దాటడానికి అర అడుగు పల్లం ఉంచాలి. పైభాగం సమంగా కడితే నీళ్లు పక్క గట్టును కోసుకుని కొత్త పాయ చేసుకుంటాయి. ఎక్కువ కట్టలు పోయేది ఇక్కడే. కింది కట్ట తల, పై కట్ట అడుగుభాగానికి మట్టంగా రావాలి.

వచ్చే ఏడాదికి ఫైర్‌లైన్, అంటే మంట దాటకుండా ఖాళీ చేసే పట్టీ. జనవరిలోనే 10-15 అడుగుల వెడల్పున గడ్డి కోసి, మట్టి కనబడేదాకా ఊడ్చండి. మార్చిలో రాలిన ఆకు మళ్లీ ఊడవకపోతే లైన్ ఉన్నా లేనట్టే.

రిజర్వు ఫారెస్టయితే అటవీ శాఖ అనుమతి లేకుండా రాయి కూడా కదపొద్దు. వన సంరక్షణ సమితి (అడవిని కాపాడే ఊరి సంఘం) ఉంటే తీర్మానం రాయించి పట్టుకెళ్లండి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దగ్గర పేరు నమోదు చేసుకుంటే మంట లేచినప్పుడు ఉపగ్రహ హెచ్చరిక ఫోన్‌కే వస్తుంది. ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే దాటుతుంది మరి, మేకల కాపరుల నంబర్లు కూడా దగ్గర పెట్టుకోండి.