అక్రిలిక్ పెట్టె మీద గీతలు: చిట్టికి మావయ్య ఉత్తరం

చిట్టీ,

కొండపల్లి దశావతారాల సెట్టు మీద మూసే అక్రిలిక్ పెట్టె మసకబారిందనీ, కొత్తది చేయించాలా అనీ అడిగావు. నువ్వు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. కొత్తది అక్కర్లేదమ్మా, అవి సన్న గీతలే. గోరుతో అడ్డంగా గీసి చూడు. గోరు తట్టుకోకపోతే పాలిష్‌తోనే పోతాయి. తట్టుకుంటే వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, పట్టాలి.

బొమ్మల్ని ముందు వేరే గదిలోకి మార్చు. పొణికి చెక్క మీద రంగుకి తడి తగలకూడదు.

అక్రిలిక్ అనేది ప్లాస్టిక్, గాజు కంటే చాలా మెత్తన. పొడిగుడ్డతో రుద్దితే స్టాటిక్ పుట్టి చుట్టూ ఉన్న దుమ్మునంతా లాక్కుంటుంది. మళ్ళీ తుడిచినప్పుడు ఆ దుమ్ములోని ఇసుక రేణువులే గీస్తాయి. నీ పెట్టె మీద గుండ్రంగా కనిపించేవి అలా పడ్డ గీతలే అనిపిస్తోంది. అందుకే ముందు కడుగు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన నీళ్ళు ధారాళంగా పోసి, చేత్తోనే మెల్లగా నిమురు. తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది ఆరబెట్టు. టిష్యూ పేపర్ వద్దు.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. స్పిరిట్, థిన్నర్, పెట్రోల్, అద్దాలు తుడిచే స్ప్రే, వీటిలో ఏదీ దాని దగ్గరికి రానివ్వకు. కోసిన అంచుల్లో, అతికించిన మూలల్లో షీటు లోపల ఒత్తిడి ఉంటుంది. అక్కడ ఇవి తగిలితే వెంట్రుకల్లాంటి పగుళ్ళు అల్లుకుపోతాయి. అవి ఏ పాలిష్‌కీ పోవు. గీతని బాగుచేయొచ్చు గానీ ఆ పగుళ్ళని బాగుచేయలేం.

గోరుకి తగలని గీతలకి ప్లాస్టిక్ పాలిష్ గానీ, కార్లకి వాడే సన్న రకం కాంపౌండ్ గానీ చాలు. తడి గుడ్డ మీద కొంచెం వేసి తేలిక చేత్తో రుద్దు. ముందు ఓ మూల చిన్నచోట పరీక్షించి చూసుకో. టూత్‌పేస్ట్ అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. తెల్ల పేస్టులో ఉండే పొడీ అరగదీసేదే. చిన్న వాచీ అద్దానికైతే సరే, ఇంత పెట్టెకి నేనైతే వాడను.

గోరుకి తట్టే గీతల దగ్గర ఓపిక కావాలి. గీత పూడదు. దాని అడుగుదాకా చుట్టూ ఉన్న పై పొరని మనమే అరగదీస్తాం. అందుకని ఒక్క గీత మీదే రుద్దితే అక్కడ గుంట పడి, వెనకున్న బొమ్మ వంకరగా కనిపిస్తుంది. గీత చుట్టూ అరచేతి వెడల్పు కలుపుకో. పేపర్‌ని వేళ్ళతో నొక్కకుండా గట్టి స్పాంజి ముక్కకి చుట్టు. నంబరు పెరిగేకొద్దీ పేపర్ నునుపు. 1000 నంబరుతో మొదలుపెట్టి సబ్బునీళ్ళతో తడుపుతూ ఎడమ నుంచి కుడికే రుద్దు. పెట్టె పాలలా తెల్లబడుతుంది, కంగారు పడకు, చివర్లో పెట్టే పాలిష్‌తో పోతుంది. కడిగి, నీళ్ళు మార్చి, 1500తో పైనుంచి కిందికి రుద్దు. దిశ మార్చడం దేనికంటే, పాత అడ్డగీతలు ఇంకా మిగిలాయో లేదో స్పష్టంగా తెలుస్తుంది. అవి పూర్తిగా పోయేదాకా 2000కి వెళ్ళకు. తడి మీద గీతలు దాక్కుంటాయి కాబట్టి ప్రతిసారీ ఆరబెట్టి, పక్కనుంచి టార్చి వేసి చూడు. మధ్యలో ఒక నంబరు ఎగ్గొడితే ఆ సంగతి చివర్లో, పాలిష్ పెట్టాకే బయటపడుతుంది. అప్పుడు మళ్ళీ వెనక్కి వెళ్ళక తప్పదు.

డ్రిల్లుకి బఫింగ్ ప్యాడ్ తగిలిస్తే పని త్వరగా అవుతుంది, కానీ వేగం బాగా తగ్గించి, ఒకేచోట ఆపకుండా తిప్పాలి. 100 డిగ్రీలు దాటేసరికి అక్రిలిక్ మెత్తబడిపోతుంది. చేత్తో ముట్టుకుంటే వెచ్చగా ఉందంటే ఆపెయ్. మొదటిసారి కాబట్టి చేత్తో చేయడమే మంచిది.

అల్లుడి హెల్మెట్ వైజర్‌కి మాత్రం ఇది చేయకు. అవి ఎక్కువగా పాలికార్బొనేట్, పైన గట్టి కోటింగ్ ఉంటుంది. అది అరిగితే ఇంకా త్వరగా గీతలు పడతాయి. రాత్రిపూట ఎదురు లైట్లకి ఏమీ కనపడదు. వైజర్ మార్పించెయ్యండి.

2000 నంబరు పేపర్ మామూలు హార్డ్‌వేర్ షాపులో లేకపోతే కార్ల పెయింట్లు అమ్మేచోట అడుగు. లోపలి మూలల్లో, అతుకు పక్కన గీతలుంటే పేపర్ పట్టకుండా ముందు నాకు ఫోటో పంపు.

మీ మావయ్య